స్టోరేజ్ డ్రైవర్లు రాసేవాళ్లకు లాక్‌డెప్: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

లినక్స్ కెర్నల్‌లో లాక్‌డెప్ అని ఒక తనిఖీ ఏర్పాటు ఉంది. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా కోడ్ పట్టుకునే లాక్‌ల వరుసలో తప్పులు వెతకడం దీని పని. ఇంగో మోల్నార్ మొదలుపెట్టిన ఈ పని 2006లో 2.6.18 వెర్షన్‌తో కెర్నల్‌లో చేరింది. స్టోరేజ్ డ్రైవర్ల పనిలో నేను ఎక్కువకాలం వాడిన పరికరం ఇదే. బ్లాక్ డ్రైవర్ (డిస్క్‌ని నడిపే కెర్నల్ కోడ్) రాస్తూ దీన్ని ఆన్ చేయకపోతే కస్టమర్ మెషీన్ మీద టెస్టింగ్ చేస్తున్నట్టే లెక్క. అలాగని దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చుంటే కూడా ఏదో ఒక రోజు డిస్క్ బిగుసుకుపోతుంది.

స్టోరేజ్ డ్రైవర్‌లో డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ కదలకపోవడం) బాధ మిగతా డ్రైవర్ల కంటే ఎందుకు ఎక్కువ అంటే, ఇక్కడ మెమరీ అడగడం కూడా ప్రమాదమే. కెర్నల్‌కి మెమరీ చాలకపోతే పాత పేజీలను స్వాప్‌లోకి (మెమరీకి బదులు వాడే డిస్క్ చోటులోకి) రాసి కొంత చోటు ఖాళీ చేసుకుంటుంది. స్వాప్ మన డిస్క్ మీదే ఉంటే ఆ రాత మన డ్రైవర్ దగ్గరికే వస్తుంది. అంటే మెమరీ కోసం మన కోడ్ ఆగింది, ఆ మెమరీ ఖాళీ కావాలంటే మన కోడే కదలాలి. ఇక ఆ ప్రాసెస్ ‘డి’ స్థితిలో (సిగ్నల్‌తో లేపలేని నిద్రలో) ఉండిపోతుంది, కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. సీపీయూ ఖాళీగా ఉంటుంది, లోడ్ యావరేజ్ మాత్రం ఎక్కుతూ పోతుంది. మామూలు సెట్టింగులతో 120 సెకన్లు దాటాక లాగ్‌లో ‘టాస్క్ బ్లాక్డ్’ అని ఒక లైను పడుతుంది. ఆ లైను కూడా డిస్క్ మీదికి చేరకపోవచ్చు, ఎందుకంటే లాగ్ రాయాల్సింది ఆ డిస్క్‌లోనే కదా! అందుకే చేతులు కాలాక ఆకులు పట్టుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

లాక్‌డెప్ గొప్పతనం ఏమిటంటే, డెడ్‌లాక్ జరిగేదాకా ఆగదు. ఏ రకం లాక్ పట్టుకుని ఏ రకం లాక్ అడిగారో ఆ వరుసను గుర్తుపెట్టుకుంటుంది. ఒక చోట ‘ఏ’ అనే లాక్ తర్వాత ‘బి’ అనే లాక్, మరో చోట ఎప్పుడో గంట తర్వాత ‘బి’ తర్వాత ‘ఏ’ కనిపిస్తే చాలు, వెంటనే హెచ్చరిస్తుంది. ఆ రెండూ ఒకే క్షణంలో ఢీకొనక్కర్లేదు. లాక్‌లను విడివిడిగా కాక క్లాసుల వారీగా చూస్తుంది కాబట్టి, డిస్కులు వంద ఉన్నా రెండింటి మీద నడిపితే తప్పు బయటపడొచ్చు. మెమరీ కోసం ఆగడాన్ని కూడా ‘ఎఫ్‌ఎస్ రీక్లెయిమ్’ పేరుతో ఒక లాక్‌గానే లెక్కేస్తుంది. స్టోరేజ్ వాళ్లకు అసలు ఉపయోగం ఇక్కడే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సమీక్షకు మా చేతికి వచ్చిన ఒక డ్రైవర్‌లో ఫర్మ్‌వేర్ రీసెట్ తర్వాత క్యూ (డిస్క్‌కి వెళ్లే రిక్వెస్టుల వరుస) సెట్టింగులు మార్చే కోడ్ ఉంది. అది ముందు క్యూని ఫ్రీజ్ చేస్తుంది. అంటే లోపలున్న రిక్వెస్టులు అయిపోయేదాకా ఆగి, కొత్తవాటిని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. తర్వాత కాన్ఫిగ్ మ్యూటెక్స్ (ఒక రకం లాక్) పట్టుకుంటుంది. ఇంకో ఫైల్లో సెట్టింగులు చదివే కోడ్ అదే మ్యూటెక్స్ పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నల్‌తో (అవసరమైతే ఆగి, డిస్క్ రాతలు కూడా మొదలుపెట్టే మామూలు మెమరీ కోరికతో) చిన్న బఫర్ అడుగుతుంది. విడివిడిగా చదివితే రెండూ శుభ్రంగా ఉన్నాయి. కలిపి చూడండి: చదివేవాడు మ్యూటెక్స్‌తో మెమరీ అడిగాడు, మెమరీ లేదు, స్వాప్‌కి రాయబోయాడు, క్యూ ఫ్రీజ్‌లో ఉంది కాబట్టి ఆగాడు. ఫ్రీజ్ చేసినవాడు మ్యూటెక్స్ కోసం ఆగాడు. ఇక ఇద్దరూ కదలరు.

పాత కెర్నళ్లలో దీన్ని లాక్‌డెప్ పట్టుకునేది కాదు, ఎందుకంటే క్యూ ఫ్రీజ్ దాని లెక్కలో లాక్ కాదు. 2025 జనవరిలో వచ్చిన 6.13లో ఫ్రీజ్‌ని కూడా లాక్‌గా చూపించే మార్పు వచ్చింది. అప్పటినుంచి బ్లాక్ లేయర్‌లో (డిస్క్ రిక్వెస్టులు చూసే కెర్నల్ భాగంలో) ఏళ్లుగా నిద్రపోతున్న వరుస తప్పులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నా దృష్టిలో స్టోరేజ్ వాళ్లకు ఈ మధ్యకాలంలో దక్కిన అతి మంచి మార్పు ఇది. ఆ వెంటనే 6.14లో ఫ్రీజ్ చేసిన థ్రెడ్‌కి తనంతట తానే నోఐఓ స్కోప్ వర్తించేలా చేశారు. అంటే ఆ థ్రెడ్ మెమరీ అడిగినా ఆ సాకుతో డిస్క్ రాతలు మొదలుకావు. అయితే అది ఫ్రీజ్ చేసిన థ్రెడ్‌కే. పై ఉదాహరణలో మెమరీ అడిగింది రెండోవాడు కాబట్టి ఆ రక్షణ అతనికి అందదు. అక్కడ మందు మ్యూటెక్స్‌ని ఫ్రీజ్ కంటే ముందు పట్టుకోవడమే. రెండు లైన్లు అటూ ఇటూ మార్చితే సరిపోయింది.

రిపోర్టు చదవడం గురించి కొత్తవాళ్లకు ఒక మాట. మొదటిసారి చూస్తే టెన్షన్ వస్తుంది, తెర నిండా స్టాక్ ట్రేస్‌లే. పైనుంచి కిందికి చదవకండి. గొలుసు తలకిందుల వరుసలో ఉంటుంది, 0 నంబరు ఉన్నదే ఇప్పుడు కొత్తగా అడిగిన లాక్. అక్కడ మొదలుపెట్టి పైకి వెళ్లండి. పై ఉదాహరణలో 0 దగ్గర మ్యూటెక్స్, 1 దగ్గర ఎఫ్‌ఎస్ రీక్లెయిమ్, 2 దగ్గర క్యూ వాడకం కౌంటర్ (అంటే ఫ్రీజ్ లాక్) కనిపిస్తాయి. ప్రతి నంబరు కింద ఉన్న ట్రేస్ ఆ లాక్‌ని మొదటిసారి ఆ వరుసలో ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. ‘సీపీయూ0, సీపీయూ1’ అని గీసిన బొమ్మ గొలుసు పొడవైతే సంక్షిప్తంగానే ఉంటుంది, దాన్నొక్కదాన్నే చూసి ప్యాచ్ రాయకూడదు.

ఇక కష్టాలు. లాక్‌డెప్ మొదటి రిపోర్టు ఇచ్చాక తనను తాను ఆపేసుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఏ గ్రాఫిక్స్ డ్రైవర్ మీదో ఒక రిపోర్టు పడిందనుకోండి, ఆ తర్వాత రాత్రంతా మన డిస్క్ టెస్టు నడిచినా చూసే దిక్కు లేదు. ఉదయం లాగ్ శుభ్రంగా ఉందని సంబరపడే టీములను చూశాను. ప్రాక్ డైరెక్టరీలో లాక్‌డెప్_స్టాట్స్ అనే ఫైలు చివర్లో డీబగ్_లాక్స్ విలువ 1 ఉందా 0 ఉందా అని టెస్టు ముందూ తర్వాతా చూడాలి. 0 ఉంటే ఆ ఫలితం చెల్లదు. వేగం కూడా బాగా పడిపోతుంది, ఈ కెర్నల్ మీద వచ్చిన ఎఫ్‌ఐఓ (డిస్క్ వేగం కొలిచే పరికరం) అంకెలు ఎవరికీ చూపించకండి. ఒక డిస్క్ మీద ఇంకో డిస్క్ పేర్చిన సందర్భాల్లో, ఉదాహరణకు లూప్ డివైస్ (ఫైలునే డిస్క్‌లా చూపించేది) ఫైలు ఇంకో లూప్ మీద ఉన్నప్పుడు, రెండు లాక్‌లూ ఒకే క్లాసు కాబట్టి లేని తప్పును చూపించవచ్చు. అలాంటప్పుడు ప్రత్యేక క్లాసు ఇవ్వొచ్చు, కానీ అది నిజంగా తప్పుడు హెచ్చరికే అని తేల్చుకున్నాకే. రిపోర్టు నోరు మూయించడానికి క్లాసు మార్చిన ప్యాచ్ వస్తే నేను వెనక్కి పంపేస్తాను.

దీనికి అసలే కనిపించనివి మరీ ముఖ్యం. లాక్ కాని వస్తువు కోసం ఆగడాన్ని ఇది చాలావరకు చూడలేదు. కంప్లీషన్ల (పని అయిపోయిందన్న సంకేతాల) కోసం ఆగడాన్నీ లెక్కేసే క్రాస్‌రిలీజ్ అనే భాగాన్ని 2017లో చేర్చి, తప్పుడు హెచ్చరికలు ఎక్కువై ఆ ఏడాది డిసెంబరులోనే తీసేశారు. దాంతో ట్యాగ్‌ల (డిస్క్‌కి పంపే ప్రతి కమాండ్‌కీ ఇచ్చే నంబర్ల) లెక్క మన మీదే పడింది. సాటా డిస్కులకు ఒకేసారి చాలా కమాండ్లు పంపే ఎన్‌సీక్యూలో ట్యాగ్‌లు 32. ఆ 32 రిక్వెస్టులూ ఎర్రర్ హ్యాండ్లర్ కోసం ఎదురుచూస్తుంటే, ఎర్రర్ హ్యాండ్లర్ కమాండ్ పంపడానికి ట్యాగ్ ఎక్కడిది? లినక్స్ సాటా కోడ్ సొంత కమాండ్ల కోసం ఇంకో ట్యాగ్‌ని వేరుగా ఉంచుకున్నది ఇందుకే. బ్లాక్ లేయర్ క్యూల ఏర్పాటైన బ్లాక్ మల్టీక్యూలో రిజర్వ్డ్ ట్యాగ్‌లు ఉన్నవీ ఇందుకే. డ్రైవర్ తనకు తాను పంపుకునే ప్రతి కమాండ్‌కీ ఈ ప్రశ్న వేసుకోవాలి.

మెమ్‌పూల్ (మెమరీ లేనప్పుడు వాడుకోవడానికి ముందే పక్కన పెట్టిన నిల్వ) కూడా అంతే. నిల్వ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఫైల్‌సిస్టమ్‌ల ఉమ్మడి బయో (డిస్క్‌కి పంపే ఒక ఐఓ కోరిక) పూల్‌లో నిల్వ 2 మాత్రమే. ముందు తీసుకున్న బయోని పంపకుండా అదే పూల్ నుంచి రెండోది అడగకూడదన్నది నియమం. పైగా సబ్మిట్ ఫంక్షన్ లోపలినుంచి పంపిన బయో అప్పటికప్పుడు డిస్క్‌కి పోదు, ఆ ఫంక్షన్ ముగిసేదాకా లిస్టులో ఉంటుంది. ఇది తెలియక ఒక బయోని ముక్కలు చేసి లూప్‌లో ఒకే పూల్ నుంచి తీసుకుంటూ పోయే కోడ్ మెమరీ బాగున్నంతకాలం అద్భుతంగా నడుస్తుంది. రికవరీ పని చేసే వర్క్‌క్యూకి (పనులను వర్కర్ థ్రెడ్‌లకు అప్పగించే వరుసకి) మెమ్ రీక్లెయిమ్ ఫ్లాగ్ పెట్టకపోవడం కూడా అలాంటిదే. మెమరీ లేనప్పుడు కొత్త వర్కర్ థ్రెడ్ పుట్టదు, రెస్క్యూ థ్రెడ్ ఉంటేనే పని ముందుకెళ్తుంది.

అందుకని లాక్‌డెప్ పక్కన నేను తప్పకుండా నడిపేది ఒకటుంది. క్యూ డెప్త్ (ఒకేసారి పంపగల రిక్వెస్టుల సంఖ్య) 1కి తగ్గించి, స్వాప్‌ని అదే డిస్క్ మీద పెట్టి, మెమరీ తక్కువ ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లో ఎర్రర్లు ఇంజెక్ట్ చేస్తూ నడపడం. డెప్త్ 1 దగ్గర నిలబడని డ్రైవర్ డెప్త్ 1024 దగ్గర అదృష్టం మీద నడుస్తోందన్నమాట. బిగుసుకుపోతే రీబూట్ కొట్టకుండా కెర్నల్‌తో నేరుగా మాట్లాడే సిస్‌ఆర్‌క్యూ కీతో డబ్ల్యూ, తర్వాత డి నొక్కండి. మొదటిది ఆగిపోయిన ప్రాసెస్‌లను, రెండోది ఎవరి చేతిలో ఏ లాక్ ఉందో చూపిస్తుంది. ఎవరి చేతిలోనూ లాక్ లేకుండా అందరూ ఆగి ఉంటే, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి వివరాలను ఫైళ్లుగా చూపే చోట) ఆ డిస్క్ కింద ఉన్న బిజీ ఫైలు తెరిచి ట్యాగ్‌లు ఎవరి దగ్గరున్నాయో చూడండి.

యూజర్‌స్పేస్ డీమన్‌తో (కెర్నల్ బయట నేపథ్యంలో నడిచే ప్రోగ్రాంతో) డిస్క్ నడిపేవాళ్లకు మాత్రం ఇవేవీ సరిపోవు. ఎన్‌బీడీ (నెట్‌వర్క్ మీదుగా డిస్క్ ఇచ్చే పద్ధతి) సర్వర్, క్లయింట్ ఒకే మెషీన్‌లో ఉంటే, సర్వర్ మెమరీ అడిగిన క్షణాన తన డిస్క్ కోసం తానే ఆగే ప్రమాదం ఉంది, కెర్నల్‌లో ఏ లాక్ వరుసా తప్పు కాదు. అలాంటి డీమన్‌ల కోసమే 2020లో 5.6 వెర్షన్‌లో ‘నేను డిస్క్ నడిపే డీమన్‌ని’ అని కెర్నల్‌కి చెప్పే పీఆర్_సెట్_ఐఓ_ఫ్లషర్ అనే పిలుపు చేర్చారు. డీమన్ మొదలవగానే, ఐఓ తీసుకోకముందే దాన్ని పిలవాలి. మీరు వాడే డీమన్ ఆ పని చేస్తోందో లేదో సోర్స్ తెరిచి ఒకసారి వెతికి చూడండి.