ఏడేళ్ల ఈ-ఆఫీసు: ఒక సూపరింటెండెంటు సమీక్ష

కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ రూపొందించిన ఈ-ఆఫీసులో, అంటే కార్యాలయం ఫైళ్లను కంప్యూటరులోనే నడిపే సాఫ్ట్‌వేరులో, ఏడేళ్లుగా ఫైళ్లు నడుపుతున్నాను. మొదట సీనియర్ అసిస్టెంటుగా, తర్వాత సూపరింటెండెంటుగా. సాఫ్ట్‌వేరు మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. మా జిల్లా కార్యాలయంలోకి దాన్ని తెచ్చిన తీరు వల్ల మాత్రం తొలి ఏడాదంతా వృథా అయింది.

ముందు మెచ్చుకోవలసింది చెబుతాను. కాగితం ఫైలులో అభిప్రాయాలు రాసే ఆకుపచ్చ నోట్‌షీటు తెర మీద కూడా గ్రీన్ నోట్‌గా అదే రంగులో కనిపిస్తుంది. చిత్తు రాసుకోవడానికి యెల్లో నోట్ వేరుగా ఉంటుంది, ఖాయం చేశాకే అది గ్రీన్ నోట్‌లో చేరుతుంది. రెండేళ్లలో పదవీ విరమణ చేయాల్సిన మా సీనియర్ సహోద్యోగి ఒకరు ఈ పోలిక చూశాకే ధైర్యంగా మౌస్ పట్టుకున్నారు.

అసలు చిక్కు తెలుగు టైపింగ్ దగ్గర వచ్చింది. ఇరవై ఏళ్లుగా అను ఫాంట్లలో పనిచేసిన మా టైపిస్టు, తయారుచేసిన ఉత్తర్వును నోట్‌లో అతికించగానే తెలుగు పోయి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వరుస కట్టాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెట్టుకుంటాయి కనుక, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్ అడిగే చోట అవి చెల్లవు. ఒక్క పూట శిక్షణలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ సాయంత్రం ఉత్తర్వును కాగితం మీదే అచ్చుతీసి సంతకానికి పంపితే, సిబ్బంది కొత్త పద్ధతికి సహకరించడం లేదని పైకి నివేదిక వెళ్లింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అలవాటైన కీబోర్డు వరుసలోనే యూనికోడ్ పడే ఏర్పాటు చేశాక ఆమె మూడు వారాల్లో అందరికంటే ముందున్నారు.

రెండో తప్పు, కాగితాన్నీ తెరనూ కలిపి నడపమనడం. ప్రతి తపాలూ ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఒకసారి, స్కాన్ చేసి మరోసారి ఎక్కించాల్సి రావడంతో తపాలు గుమాస్తా రాత్రి ఏడు దాకా కూర్చునేవాడు, అయినా అధికారి కాగితం మీదే సంతకం చేసేవారు. కొత్తగా వచ్చిన అధికారి ఫలానా ఒకటో తేదీ నుంచి కాగితం ఫైలు తీసుకోనని చెప్పి, తపాలు విభాగానికి ఇంకొకరిని ఇచ్చి, తన సంతకాలన్నీ కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరమైన డిజిటల్ సంతకం డాంగిల్‌తోనే చేయడం మొదలుపెట్టాక గానీ పని కదలలేదు.

సెలవు ఫైలు అంతకుముందు ఐదు బల్లలు తిరిగేది. ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగిందో తెర మీద కనబడేసరికి తొలుత కొందరు భయపడ్డారు. అధికారి ఆ లెక్కతో ఎవరికీ మెమో ఇవ్వకుండా, అక్కరలేని రెండు అంచెలు తీసేయడానికి వాడారు. ఆ ఫైలు ఇప్పుడు మూడు బల్లల దగ్గరే తేలుతోంది. దీన్ని ఈ-ఆఫీసు రాకముందే చేసి ఉండాల్సింది.

పాత ఫైళ్ల స్కానింగు మాత్రం ఇంకా మిగిలే ఉంది. కోర్టు కేసు వస్తే రికార్డు గది మెట్లు ఎక్కుతూనే ఉన్నాం.