మందుల చీటీలన్నీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

బెంగళూరు మారతహళ్లిలో నాది చిన్న క్లినిక్. పిల్లల దగ్గర ఉండడానికి అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎక్కువగా చూపించుకుంటారు. షుగర్‌కి ఒక డాక్టరు, గుండెకి ఇంకొకరు, మోకాళ్లకి ఊళ్లో మరొకరు. ఎవరి చీటీ వారిదే. జబ్బులు, మందులు, రక్త పరీక్షలు ఎక్కిస్తే ఏ మందుకి ఏది పడదో, ఏ డోసు తగ్గించాలో ఈ సాఫ్ట్‌వేర్ చెబుతుంది.

కిడ్నీ విషయంలో దీనికి తిరుగులేదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.8 అంటే ఇంట్లోవాళ్లకి కాస్త ఎక్కువ అనిపిస్తుంది, అంతే. 75 ఏళ్ల ఆవిడకైతే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, 29కి పడిపోయినట్టు. అది 30 కంటే తగ్గితే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆపాలి. ఆ లెక్క అదే వేసి, చీటీ రాసేలోపే ఎర్రగా చూపిస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్, నీటి మాత్ర కలిసిన బిళ్ల వేసుకుంటూ మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మింగేవాళ్లు మా దగ్గర కొల్లలు. విడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పుండదు. మూడూ కలిస్తే దెబ్బ కిడ్నీకి.

విసిగించేది హెచ్చరికల వరద. చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే ఎరుపు. రద్దీ రోజున చదవకుండానే నొక్కేయాలనిపిస్తుంది, భయం అక్కడే. ఎక్కించడమూ తేలిక కాదు. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్ ముక్క మీద సగం పేరే ఉంటుంది. అందుకే మా నర్సు ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తెమ్మని చెబుతుంది.

అసలు లోటు వేరే. ఇది ప్రతి జబ్బుకీ విడిగా మందు చేర్చమంటుంది, తీసేయమని అరుదుగా చెబుతుంది. 2005లో అమెరికా పరిశోధకులు ఐదు జబ్బులున్న 79 ఏళ్ల ఆవిడను ఊహించి, ఆ జబ్బుల చికిత్స మార్గదర్శకాలన్నీ పాటిస్తే రోజూ 12 రకాల మందులు పడతాయని లెక్కగట్టారు. రోగికి ఏది ముఖ్యమో ముందు అడగమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. ఇందులో దానికి గడే లేదు. "కళ్లు తిరక్కుండా గుడిదాకా నడిస్తే చాలు నాయనా" అన్న పెద్దాయన మాటను కింద నోట్స్‌లో రాసుకుని, బీపీ మాత్ర నేనే తగ్గించాను.

అయినా చందా ఆపను. ఐదారు మందులు దాటినవాళ్లకి ఇది తెరవకుండా చీటీ రాయడం లేదు. కొనాలనుకునే డాక్టర్లు ముందు మన దగ్గర అమ్మే కాంబినేషన్ బిళ్లల పేర్లు నాలుగైదు కొట్టి చూడండి. లోపలి మందులు విడివిడిగా చూపించకపోతే వద్దనేయండి.