గాలి తగ్గే దాకా కదలకండి: ఓల్డ్ వార్డెన్‌లో ఒక సాయంత్రం

ముందే డబ్బు కట్టించుకున్న ఒక టాక్సీ అతని మొండితనం వల్ల, ఆ రోజు మొత్తంలో చూడాల్సిన దృశ్యమే మాకు తప్పిపోయేది. ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో జరిగే పాత విమానాల షోకి వెళ్లాలనుకునే మరొకరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

లండన్ నుంచి బిగిల్స్‌వేడ్ దాకా రైల్లో హాయిగా వెళ్లాం. షటిల్‌వర్త్ కలెక్షన్ అనే మ్యూజియం వారి పాత విమానాలు ఉండే ఓల్డ్ వార్డెన్ అక్కడికి నాలుగైదు మైళ్లు. టాక్సీ అతను రానూ పోనూ 44 పౌండ్లు ముందే తీసుకుని, రాత్రి ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉండమన్నాడు. సాయంత్రం షో ఎప్పుడు ముగుస్తుందో స్థానికుడికి తెలియదా అనుకుని సరేనన్నాను.

విమానాలు పెట్టే హ్యాంగర్లలో కామెట్ అనే ఎర్ర విమానాన్ని చూశాం. 1934లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి జరిగిన పందెం గెలిచింది ఇదే. మా బావమరిది దాన్ని వదిలి ఓ పట్టాన కదల్లేదు. మా ఆవిడకేమో విసుగు. గడ్డి మీద కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

ఆవిడ తలెత్తింది సాప్‌విత్ పప్ వచ్చినప్పుడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బుల్లి విమానం అది. దాని ఇంజన్లో సిలిండర్లు కూడా ప్రొపెల్లర్‌తో పాటే గిరగిరా తిరుగుతాయి. మామూలు ఇంజన్ ఆయిల్ పెట్రోల్లో కలిసిపోతుంది కాబట్టి ఆముదం పోస్తారు. కాలీ కాలని ఆ ఆముదం పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. విమానం మా ముందు నుంచి వెళ్లిందో లేదో, "ఏవండీ, ఇది ఆముదం వాసన కదూ!" అంది. ఫోన్ సంచిలోకి వెళ్లిపోయింది. దిగేటప్పుడు పైలట్ ఇంజన్‌ని క్షణం ఆపుతూ, మళ్లీ వదులుతూ వేగం తగ్గించాడు. ఆ తెగి తెగి వచ్చే మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా మైకులో చెప్పారు: గాలి తగ్గుతోంది, ఇంకాసేపు ఆగితే బ్లేరియో అనే పాత విమానాన్ని బయటికి తీస్తామని. సరిగ్గా అప్పుడే టాక్సీ అతని ఫోన్. వెంటనే రాకపోతే వెళ్లిపోతాడట, డబ్బు వెనక్కి ఇవ్వడట. వెయిటింగ్‌కి ఇంకో 10 పౌండ్లు ఇస్తామన్నా వినలేదు. మా బావమరిదికి టెన్షన్ మొదలైంది. "బావా, చివరి రైలు తప్పితే రాత్రంతా స్టేషన్లోనే" అన్నాడు. మా ఆవిడే తేల్చేసింది: "పోతే పోనీరా, చూసే వెళ్దాం."

దాన్ని తయారుచేసిన ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లేరియో 1909 జూలై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటింది ఈ రకం విమానంలోనే. ఇక్కడున్నదీ ఆ ఏడాది తయారైందే. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. రెక్కల్నే మెలితిప్పి విమానాన్ని అదుపులో పెట్టాలి, అందుకే కాస్త గాలి ఉన్నా బయటికి తీయరు. వెనక సగం గుడ్డ కప్పని కర్రల చట్రం. దాని మధ్యలోంచి అవతలి చెట్లు కనిపిస్తున్నాయి. సైకిల్ చక్రాల్లాంటి చక్రాల మీద గడ్డిలో దడదడా పరిగెత్తి, మనిషి ఎత్తు కంటే కాస్త పైకి లేచింది. నేల వదిలాక కూడా ఆ చక్రాలు గాల్లో నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి. తిన్నగా కొంత దూరం వెళ్లి దిగిపోయింది, అంతే. మా ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది.

తిరుగు ప్రయాణానికి వేరే టాక్సీకి 35 పౌండ్లయింది. రైలు అందింది. టాక్సీలకే మొత్తం 79 పౌండ్లు. అయినా బ్లేరియో కోసం ఆగినందుకు ముగ్గురిలో ఎవరికీ బాధ లేదు, బాధల్లా తిరుగు ప్రయాణం కింద ఆ 22 పౌండ్లు అతనికి ముందే చేతిలో పెట్టినందుకు.

కారుంటే కార్లోనే వెళ్లండి. లేదంటే తిరుగు టాక్సీకి ముందే డబ్బు కట్టకండి. పగటి షో కన్నా సాయంత్రం షోయే మేలు, గాలి తగ్గే అవకాశం అప్పుడే ఎక్కువ. జూలైలో కూడా స్వెటర్ కావాలి. మడత కుర్చీ తీసుకెళ్లి, గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ ఆముదం పొగ మీ వైపు వచ్చే చోట వేసుకోండి.