హెచ్‌13 డై స్టీల్: 11 ఏళ్లు వాడాక

11 ఏళ్లుగా అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ ప్లాంటులో, అంటే వేడి అల్యూమినియాన్ని డై అనే స్టీలు అచ్చు కన్నంలోంచి తోసి పొడవాటి సెక్షన్లు తీసే చోట, డై కరెక్షన్ (డైలను సరిచేసే) పని చేస్తున్నాను. కిటికీ ట్రాకులు, డోర్ సెక్షన్లు, హీట్ సింకులు... నా చేతుల మీదుగా వెళ్లిన డైలు దాదాపు అన్నీ హెచ్‌13 అనే స్టీలువే. జర్మన్ నంబరు 1.2344 అన్నా, జపాన్ వాళ్ల ఎస్‌కేడీ61 అన్నా ఈ రకమే. దీన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో ఇన్నేళ్లకు తెలిసింది.

ముందు డై పడే కష్టం చూడండి. మాది 1800 టన్నుల ప్రెస్, 7 అంగుళాల బిల్లెట్ (అల్యూమినియం దిమ్మ). 6063 రకం అల్యూమినియాన్ని 460 డిగ్రీల దాకా కాచి తోస్తాం. ప్రెస్ పూర్తి బలంతో తోస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 7 టన్నులు పడుతుంది. బయటికొచ్చే ప్రొఫైల్ 520 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డై కొలత తప్పకుండా షిఫ్టంతా నిలబడుతుందంటే, అందులోని 5 శాతం క్రోమియం, ఒక శాతానికి పైగా ఉండే మాలిబ్డినం, ఒక శాతం దాకా ఉండే వెనేడియం చలవే. అయినా 500 డిగ్రీల దగ్గర స్టీలు బలం, చల్లగా ఉన్నప్పటికంటే సుమారు నాలుగో వంతు తగ్గుతుంది.

మామూలు ఫ్లాట్ డైలతో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఏడిపించేది టంగ్ ఉన్న డై, అంటే గాడి ఆకారం కోసం నాలుకలా ఒక వైపే ఆధారంతో పొడుచుకొచ్చిన ముక్క ఉన్నది. ఒక ట్రాక్ సెక్షన్ సంగతి చెప్తాను. మొదటి బిల్లెట్‌కి కొలత చక్కగా వచ్చింది. పదో బిల్లెట్‌కి గాడి పక్క గోడ మందం మారిపోయింది. డై దింపి, కాస్టిక్‌లో కడిగి, ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనిస్తే, టంగ్ కొస దగ్గర 0.40 మి.మీ. ఫీలర్ గేజు (సందు కొలిచే సన్న రేకు) సులువుగా దూరింది. అంటే టంగ్ వెనక్కి వంగి, అలాగే ఉండిపోయింది.

గట్టిదనం పెంచితే సరిపోతుందనుకున్నాను. తర్వాతి డైని 52 హెచ్‌ఆర్‌సీకి (రాక్‌వెల్ గట్టిదనం కొలత) చేయించాం. అది వంగలేదు, టంగ్ మొదలు దగ్గర పగిలింది. మూడోసారి 48 దగ్గర ఆపి, డై వెనక ఆనించే బ్యాకర్ పలకలో కోత తగ్గించి టంగ్ వెనక ఆనిక ఇచ్చాం. ఆ డై ఇప్పటికీ నడుస్తోంది. స్టీలు గ్రేడు గురించి గంటలు మాట్లాడేవాళ్లు బ్యాకర్ డ్రాయింగ్ అడగరు, అదే నా బాధ. నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) కూడా అంతే. ఆ పదో వంతు మిల్లీమీటరు పొర బేరింగ్ (లోహం రాసుకుంటూ వెళ్లే డై అంచు) అరగకుండా కాపాడుతుంది కానీ, వంగే టంగ్‌ని ఆపలేదు.

ఇత్తడి రాడ్లు తీసే చోట సంగతి వేరు. అక్కడ బిల్లెట్ 700 డిగ్రీల పైమాటే. హెచ్‌13 బేరింగ్ త్వరగా మెత్తబడి కొలత జారిపోతుంది. టంగ్‌స్టన్ ఎక్కువున్న హెచ్‌21 గానీ, స్టెల్లైట్ (కోబాల్ట్ మిశ్రమం) ఇన్సర్ట్ గానీ వాడటమే మంచిది.

ఒక రాత్రి, ప్రెస్ ఎక్కించే ముందు డైలను కాచే మా ఓవెన్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ పాడైంది. 450 చూపిస్తూనే లోపల 600 దాటి చాలాసేపు కాలింది. పొద్దున తీసిన నాలుగు డైలూ చూడటానికి నిక్షేపంలా ఉన్నాయి. ఒకటి ప్రెస్ ఎక్కిస్తే మూడో బిల్లెట్‌కే కుంగిపోయింది. అప్పుడు రాక్‌వెల్ చూస్తే 39. టెంపరింగ్ వేడి (గట్టిపరిచాక మళ్లీ కాచిన వేడి) దాటితే ఈ స్టీలు మెత్తబడుతుంది, మళ్లీ దానంతటది గట్టిపడదు. అప్పటినుంచి ఓవెన్ మీద ఏ కాస్త అనుమానం వచ్చినా, డై వెనక పక్క చిన్న చోటు గ్రైండ్ చేసి గట్టిదనం చూస్తాను. 45 కంటే తక్కువొస్తే, ఆర్డర్ ఎంత అర్జెంటైనా ప్రెస్ ఎక్కనివ్వను.