స్టోరీవీవర్: ఫోన్ లాక్కోకుండా తెలుగు చదివించాలంటే

ఇంట్లో నాలుగైదు తరగతులు దాటినా తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలుంటే స్టోరీవీవర్ సైటు ఒకసారి తెరిచి చూడండి. ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015లో మొదలుపెట్టింది. బొమ్మల కథలు, అన్నీ ఉచితం, యాడ్స్ గోల లేదు, చదవడానికి అకౌంటు కూడా అక్కర్లేదు. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో తర్వాత చెప్తా.

మా మేనకోడలు ఆరో తరగతి. యూట్యూబ్‌లో ఏం కావాలన్నా మైకు నొక్కి అడుగుతుంది, ఫ్రెండ్స్‌కి వాయిస్ మెసేజ్‌లే, మరీ తప్పకపోతే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. పొద్దున లేచింది మొదలు తెలుగులోనే గలగలా మాట్లాడుతూ, ఒక్క తెలుగక్షరం కంటపడకుండా రోజంతా గడిపేయగలదన్నమాట. స్కూల్లో తెలుగు లేదా అంటే ఉంది, తెలంగాణలో 2018లో చట్టమే తెచ్చారు, సీబీఎస్‌ఈ బళ్లకీ వర్తిస్తుంది. కాకపోతే మా పిల్ల చదివేది పరీక్షకి బట్టీ పట్టే తెలుగు, తెలియని పేరా ఒకటి చేతిలో పెడితే ఒత్తు దగ్గర బండి ఆగిపోతుంది.

ఇది మా ఇంటి గొడవే అనుకోకండి. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ అనే సర్వే ఉంది, 2023లో అందులో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో దాదాపు 25 శాతం మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోయారు. అదే సర్వేలో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండి దాన్ని వాడటం వచ్చినవాళ్లు 90 శాతం దాకా ఉన్నారు! ఫోన్ వల్లే చదువు పోయిందని ఈ రెండంకెలు చూసి తేల్చేయలేం, మధ్యలో కోవిడ్‌కి బళ్లు మూతపడ్డ కాలం కూడా ఉంది. కానీ ఫోన్ వాడటానికి చదవడం రావాల్సిన పనే లేదని మాత్రం తెలిసిపోతోంది.

సరే, సైటు సంగతికి వద్దాం. కథలు నాలుగు లెవెల్స్‌గా ఉంటాయి, మొదటిదానిలో చిన్న చిన్న మాటలు, వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వస్తుంది, నాలుగోదానికి వచ్చేసరికి కథ బాగా పొడుగు. పిల్ల ఏ క్లాసో చూసి లెవెల్ ఎంచకండి. ఆరో తరగతి పిల్లకి రెండో లెవెల్ ఇస్తే నామోషీ అనుకుంటారు గానీ, గడగడా చదివేశానన్న సంతోషం దొరికేది అక్కడే. బొమ్మలు బాగుంటాయి కాబట్టి 'ఇది చిన్నపిల్లల కథ' అన్న ఫిర్యాదు కూడా పెద్దగా రాలేదు.

కొన్ని కథలకి రీడ్ అలాంగ్ ఉంటుంది, ఒకరు చదివి వినిపిస్తుంటే ఆయా మాటల రంగు మారుతూ పోతుంది. దీన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తే పిల్లలకి ఇదీ ఇంకో వీడియోనే, అక్షరాలు చూడకుండా విని వదిలేస్తారు. మేం ఏం చేశామంటే రెండోసారి సౌండ్ తీసేసి, రంగు మారేలోపు నువ్వు చదువు అన్నాం. మొదట్లో 'ఆగు మామయ్యా, వెళ్లిపోతోంది' అని ఒకటే టెన్షన్, తర్వాత తనే సౌండ్ తీసేయమనడం మొదలుపెట్టింది.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఇందులో ఉన్న బొమ్మలు తీసుకుని మన కథ మనమే రాసుకోవచ్చు (దీనికి మాత్రం అకౌంటు కావాలి). ఇక్కడ కీబోర్డ్ విషయం జాగ్రత్త. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే కీబోర్డ్ పెడితే సగం కొట్టేసరికి తయారైన తెలుగు మాట అదే పైన చూపిస్తుంది, పిల్ల వేలు పెట్టడమే పని. అచ్చంగా తెలుగు అక్షరాల కీబోర్డ్ పెట్టండి. అందులో 'అమ్మ' రాయాలంటే అ తర్వాత మ కొట్టి, పొల్లు కొట్టి, మళ్లీ మ కొట్టాలి. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కదా, మా పిల్లని తికమక పెట్టేవి అవే, అలా విడగొట్టి కొట్టేసరికి ఏ ఒత్తు ఏ అక్షరందో దానంతటదే తెలిసింది. కాపీ పుస్తకం నింపించడం కన్నా ఇది నయం అనిపించింది. చేతిరాత మాత్రం దీనితో రాదు, దానికి పెన్నూ కాగితమే.

ఇక కోసిన మార్కు. ఎవరైనా అనువదించి పెట్టొచ్చు కాబట్టి భాష అంతా ఒకే తీరుగా ఉంటుందని ఆశపడొద్దు, పెద్దవాళ్లు ముందు ఓసారి చదివి చూసుకోవాలి. పైగా చిన్న ఫోన్ మీద ఒత్తులు మరీ బుల్లిగా కనిపిస్తాయి, అసలే అక్కడే తడబడే పిల్లలకి అది కష్టం. ట్యాబ్ ఉంటే దాంట్లో చూపించండి, లేదంటే పీడీఎఫ్ దించుకుని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. కథలకి ఓపెన్ లైసెన్స్ ఉంది, ప్రింట్ తీసినా పక్కింటివాళ్లకి పంచినా ఎవరూ ఏమీ అనరు.

బయట డబ్బు కట్టించుకునే యాప్ కూడా ఒకటి చూశాం, పేరెందుకులెండి. ఒక మాట చదివితే నాణేలు, ఇంకో మాట చదివితే చప్పట్లు, పిల్ల ధ్యాసంతా నాణేల మీదే. నెల తిరక్కుండా తీసేశాం.

పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేని ఇంట్లో అయితే స్టోరీవీవర్ పెట్టించి పెద్దగా లాభం లేదు, రెండు నిమిషాల్లో రీల్స్‌లోకి వెళ్లిపోతారు. రాత్రి అన్నాలయ్యాక ఓ పావుగంట పెద్దవాళ్లెవరైనా కూర్చోగలిగితే మాత్రం లెవెల్ 2తో మొదలుపెట్టండి.