కాళ్లు అలిసిన, చేయి తిరిగిన కుర్ర వింగర్: ఆడించాలా, కూర్చోబెట్టాలా, కింది లీగ్‌కి పంపాలా?

జనవరి నెల. ఐస్ హాకీ మ్యాచ్. మూడు పీరియడ్లుగా అరవై నిమిషాల ఆట, ఆపైన ఐదు నిమిషాల ఓవర్‌టైమ్ అయిపోయినా స్కోరు సమంగానే ఉంది. ఇక షూటౌట్: ఒక్కొక్కరే వెళ్లి గోల్‌కీపర్‌ని ఓడించాలి. మూడో పీరియడ్ అంతా పక్‌కి, అంటే ఆడే రబ్బరు బిళ్లకి, ప్రతిసారీ రెండడుగులు వెనకబడుతూ వచ్చిన కుర్ర వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) ఇప్పుడు రింక్ మధ్య నుంచి ఒంటరిగా బయలుదేరతాడు. తొందర పడడు. ఒక పక్కకి వంపు తిరిగి వచ్చి, భుజం ఊపి, గోల్‌కీపర్ మోకాళ్లు విడేదాకా ఆగి, ఆ సందులోంచి పక్‌ని తోసేస్తాడు. జనం లేచి నిలబడతారు. తెల్లారేసరికి అందరి నోటా ఒకటే మాట: కుర్రాడు మళ్లీ ఫామ్‌లోకి వచ్చేశాడు.

నాకు ఆ మాట దగ్గరే పేచీ. ఉత్తర అమెరికా అగ్ర లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఇలాంటి కుర్రాళ్లు ఏటా కనిపిస్తారు. షూటౌట్ గోల్ చూసి మురిసిపోయి, వాళ్ల కాళ్లు ఏం చెబుతున్నాయో వినకుండా ఆడిస్తూ పోతే మార్చికల్లా ఆ కుర్రాడు ఎందుకూ పనికిరాకుండా పోతాడు.

ఇలాంటి ఆటగాడి విషయంలో కోచ్ ముందు మూడు దారులుంటాయి. నాలుగో లైన్‌లో, అంటే వంతులవారీగా దిగే ముగ్గురేసి ఫార్వర్డ్‌ల గుంపుల్లో అన్నిటికన్నా తక్కువ ఆడేదానిలో, ఎనిమిది, పది నిమిషాలు ఆడిస్తూ షూటౌట్ అవసరానికి జట్టులో ఉంచుకోవడం ఒకటి. రెండు మూడు మ్యాచ్‌లు పక్కన కూర్చోబెట్టడం ఇంకొకటి. ఏహెచ్ఎల్‌కి, అంటే కింది లీగ్‌కి పంపి అక్కడ మొదటి లైన్‌లో ఆడించడం మరొకటి. నా ఓటు కూర్చోబెట్టడానికే. అయితే దానికి ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. కుర్రాడు నిజంగా అలిసిపోయాడా, లేక అదృష్టం ముఖం చాటేసిందా?

గోల్స్ లేవు కాబట్టి ఫామ్ పోయిందనుకోవడం అందరం చేసే పొరపాటు. గోల్ మీదికి వెళ్లే షాట్లలో దాదాపు పదింటికి ఒకటే లోపలికి పోతుంది. మ్యాచ్‌కి రెండు షాట్లు కొట్టే వింగర్‌ని తీసుకోండి. పది మ్యాచ్‌లకి ఇరవై షాట్లు. ఒక్కో షాట్ తప్పే అవకాశం 0.9 అయితే, ఇరవైకి ఇరవై తప్పే అవకాశం దాదాపు 0.12. అంటే ఆటలో ఏ లోపమూ లేకపోయినా ఎనిమిదిమందిలో ఒకడికి పది మ్యాచ్‌ల కరువు వచ్చి తీరుతుంది. అలాగే అక్టోబర్‌లో ఐదు షాట్లకి ఒక గోల్ చొప్పున కొట్టినవాడు ఏప్రిల్ దాకా అలాగే కొడతాడనుకోవడం అత్యాశ. అప్పుడు వచ్చిన పొగడ్తలూ, ఇప్పుడు వస్తున్న తిట్లూ రెండూ ఆ కుర్రాడి ఆటకి సంబంధించినవి కాకపోవచ్చు.

అందుకే నేను ముందు షాట్ల సంఖ్య చూస్తాను, తర్వాత అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తాను. గోల్ ముందు నుంచి మునుపటిలాగే కొడుతుంటే అతన్ని కదపకూడదు. అదే లైన్‌లో, అదే నిమిషాలు ఇచ్చి వదిలేయాలి. పై మూడు దారుల్లో ఏదీ అతనికి అక్కర్లేదు. షాట్లు తగ్గి, ఉన్నవి కూడా పక్క నుంచి, దూరం నుంచి విసిరేసినవే అయితే అనుమానించాలి. లోపలికి చొచ్చుకుపోవడానికి కాళ్లలో సత్తువ కావాలి. అది లేనివాడే పక్‌ని దూరం నుంచి వదిలించుకుంటాడు.

ఆ పైన టీవీలో పక్‌ని వదిలేసి, ఒక పీరియడ్ అంతా అతని కాళ్లనే చూస్తాను. మీరూ ఒకసారి ప్రయత్నించండి, అలసట ఎంత స్పష్టంగా కనిపిస్తుందో! సత్తువ ఉన్న వింగర్ ఆట దిశ మారగానే ఐస్ చెదిరేలా బ్రేకు వేసి, అక్కడికక్కడే తిరిగి దూకుతాడు. అలిసినవాడు ఆగడు, పెద్ద సున్నా చుట్టినట్టు గుండ్రంగా తిరిగి వస్తాడు. ఆ సున్నాలోనే రెండు సెకన్లు పోతాయి. మూడు తోపులు తోసి మిగతా దూరం జారుతూ పోతాడు. నడుము పైకి లేస్తుంది, మోకాళ్లు వంగవు. ప్రత్యర్థి పక్కనుంచి దాటిపోతుంటే కాలు కదపాల్సిన చోట స్టిక్ చాపుతాడు, అది హుకింగ్ అయి రెండు నిమిషాల పెనాల్టీ పడుతుంది. ఒక కుర్రాడికి వరసగా ఇలాంటి స్టిక్ పెనాల్టీలు పడుతుంటే కోచ్‌లు క్రమశిక్షణ లేదని కేకలేస్తారు. నాకైతే చాలాసార్లు అది అలసటగానే కనిపిస్తుంది.

రెండో పీరియడ్ ఇంకా బాగా బయటపెడుతుంది. ఆ పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి కాబట్టి మన గోల్ దగ్గర చిక్కుకున్నవాడికి బెంచ్ దూరమవుతుంది. మామూలుగా 45 సెకన్ల దగ్గర ముగియాల్సిన షిఫ్ట్, అంటే ఐస్ మీద ఒక వంతు, నిమిషం దాటిపోతుంది. తాజాగా ఉన్నవాడు ఎలాగోలా ఈదుకొస్తాడు. అలిసినవాడు ఆ ఒక్క షిఫ్ట్ దెబ్బకి తర్వాతి రెండు షిఫ్టులూ కోలుకోలేడు.

కుర్రాళ్లకే ఈ బాధ ఎక్కువ ఎందుకు? క్యాలెండర్ చూస్తే అర్థమవుతుంది. అమెరికా కాలేజీ హాకీలో ఆటగాడు సీజన్‌కి ఆడేది 35, 40 మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. స్వీడన్ అగ్ర లీగ్‌లో 52. ఎన్‌హెచ్ఎల్‌లో ఏళ్ల తరబడి నడిచింది 82, 2026-27 నుంచి 84. వారానికి మూడు నాలుగు మ్యాచ్‌లు, కొన్నిసార్లు వరస రాత్రుల్లో, మధ్యలో టైమ్ జోన్లు దాటే ప్రయాణాలు. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు జనవరికల్లా పోయిన ఏడాది మొత్తం ఆడినన్ని మ్యాచ్‌లు ఆడేసి ఉంటాడు. ఇంకా సగం సీజన్ మిగిలే ఉంటుంది. దీన్నే అక్కడ రూకీ వాల్ అంటారు, కొత్త ఆటగాడు గుద్దుకునే గోడ. వింగర్ పని కూడా అలాంటిదే: ముందుగా పరిగెత్తి రింక్ చుట్టూ ఉండే బోర్డుల దగ్గర ఒళ్లు గుద్దుకోవాలి, అది కుదరకపోతే 61 మీటర్ల రింక్‌లో వెనక్కి పరిగెత్తి మన వైపు నీలి గీత, బ్లూ లైన్ దగ్గర నిలబడ్డ డిఫెన్స్‌మన్‌కి అడ్డం పడాలి.

మరి కాళ్లు ఇంత అలిసినవాడు షూటౌట్‌లో ఎలా కొడతాడు? అసలు కిటుకు ఇక్కడే ఉంది. షూటౌట్ ప్రయత్నం ఐదారు సెకన్ల పని. ఓవర్‌టైమ్ ముగిశాక బెంచ్ మీద కాసేపు కూర్చుంటే అంతపాటి దూకుడుకి కావాల్సిన శక్తి కండరాల్లో మళ్లీ చేరుతుంది. కొన్ని సెకన్ల శ్రమకి వాడుకునే శక్తి నిమిషాల్లో తిరిగొస్తుంది. వారాల తరబడి మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు ఆడి ఖాళీ అయిన నిల్వలు నిండటానికి మాత్రం తిండి, నిద్ర, రోజులు కావాలి. పైగా షూటౌట్‌లో మీద పడేవాడు లేడు, వెంట తరిమేవాడు లేడు. చేతివాటం, గోల్‌కీపర్‌ని చదివే కన్ను ఉంటే చాలు. అందుకే షూటౌట్ గోల్ అలసటకి మేకప్ వేసినట్టు పనిచేస్తుంది.

ఇప్పుడు మొదటి దారి. షూటౌట్ కోసం ఉంచుకుంటే జట్టుకి దక్కేది ఎంత? ఎన్‌హెచ్ఎల్‌లో 2005-06 నుంచి షూటౌట్ ఉంది. 2015-16లో ముగ్గురేసి ఆడే ఓవర్‌టైమ్ వచ్చాక చాలా మ్యాచ్‌లు అక్కడే తేలిపోతున్నాయి, ఒక జట్టుకి సీజన్ మొత్తం మీద సగటున పది షూటౌట్లు కూడా రావు. ఏడు అనుకుందాం. మామూలు ఆటగాడు మూడింటికి ఒకటి కొడతాడు, మన కుర్రాడు రెండింటికి ఒకటి కొడతాడు అనుకుందాం. మిగతావాళ్లంతా మామూలువాళ్లే అయితే, జట్టు ముందుగా పంపే ముగ్గురిలో ఒకడిగా అతను ఉన్నందువల్ల ఆ షూటౌట్ గెలిచే అవకాశం పెరిగేది ఐదారు శాతం. గెలిస్తే వచ్చేది ఒక్క అదనపు పాయింటు, ఎందుకంటే ఓడిన జట్టుకీ ఒకటి ఉంటుంది. ఏడు షూటౌట్లకీ కలిపితే సీజన్‌కి అర పాయింటు కూడా లేదు! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి వేశాను. ఆ అర పాయింటు కోసం సీజన్ పొడుగునా అలిసిన కాళ్లని ఐస్ మీదికి పంపితే, ఒక్క ఆలస్యపు అడుగు వల్ల పడే గోల్స్‌తోనే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. పైగా ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేనే లేదు. ఏప్రిల్ నడిమి నుంచి ఆ నైపుణ్యం విలువ సున్నా.

ఎదుటి వాదనకీ బలం ఉంది, దాన్ని తోసేయను. 2010 ఏప్రిల్ 11న, సీజన్ చివరి రోజున, ఫిలడెల్ఫియా ఫ్లైయర్స్, న్యూయార్క్ రేంజర్స్ మ్యాచ్ షూటౌట్‌కి వెళ్లింది. గెలిచినవాళ్లు ప్లేఆఫ్స్‌కి, ఓడినవాళ్లు ఇంటికి. ఫ్లైయర్స్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో 22 ఏళ్ల క్లాడ్ జిరూ ఒకడు. ఆ జట్టు ఆ ఏడు ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. అర పాయింటు సగటు లెక్క అలాంటి రాత్రి ఎవరికీ ఊరట కాదు.

షూటౌట్ నిపుణుడంటే అందరూ చెప్పే ఇంకో కథ 2014 సోచీ ఒలింపిక్స్‌ది. రష్యా మీద అమెరికా తరఫున టి.జె. ఓషీ ఆరుసార్లు వెళ్లి నాలుగు గోల్స్ కొట్టి గెలిపించాడు. కానీ అది అంతర్జాతీయ నియమం. అప్పట్లో మొదటి ముగ్గురి తర్వాత ఒకే ఆటగాణ్ణి ఎన్నిసార్లయినా పంపొచ్చు. ఎన్‌హెచ్ఎల్‌లో జట్టులో మిగతా అర్హులందరూ ఒక్కోసారి అయిపోయేదాకా రెండోసారి రాదు. ఒలింపిక్స్‌లో అలాంటి ఆటగాడు బంగారం. ఎన్‌హెచ్ఎల్‌లో అతనికి రాత్రికి ఒక్క ప్రయత్నమే. ఈ తేడా మరిచిపోయి ఓషీ పేరు ఎత్తడం సరికాదు.

కుర్ర వింగర్లలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ యుస్సి యోకినెన్. షూటౌట్ వచ్చిన మొదటి ఏడాదే, డల్లాస్ స్టార్స్ తరఫున తన తొలి సీజన్‌లో, 13 ప్రయత్నాల్లో 10 గోల్స్ కొట్టాడు. అయితే ఆ ఏడాది ఆ ఫిన్లాండ్ కుర్రాడు 81 మ్యాచ్‌ల్లో 55 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) కూడా చేశాడు. మామూలు ఆటలోనే జట్టులో చోటు సంపాదించుకున్నాడు, షూటౌట్ దానిమీద కొసరు. కొసరు కోసం అసలుని పాడుచేసుకుంటే ఎలా?

కింది లీగ్‌కి పంపడం గురించి ఎక్కువ చెప్పను. ఏహెచ్ఎల్‌లో 72 మ్యాచ్‌లు, చాలావరకు వారాంతాల్లో కుక్కినట్టు, వాటి మధ్య బస్సు ప్రయాణాలు. అలసటకి అది మందు కాదు. కానీ కాళ్లు బాగానే ఉండి ధైర్యం పోయినవాడికి, అంటే దారి ఉన్నా గోల్ ముందుకి వెళ్లకుండా పక్కకి తప్పుకునేవాడికి, అంతకన్నా మంచి చోటు లేదు. ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీలో ఉన్నప్పుడు ఆడే పవర్ ప్లే దొరుకుతుంది, ఇరవై నిమిషాలు ఆడొచ్చు, తప్పు చేస్తే వెంటనే బెంచ్ ఎక్కించరు. నాలుగో లైన్‌లో ఎనిమిది నిమిషాలు భయంభయంగా ఆడటం కంటే అది వంద రెట్లు నయం.

ఇక కూర్చోబెట్టడం. చాలా జట్లు దీన్ని శిక్షలా వాడి చెడగొడతాయి. ఉదయం బోర్డు మీద పేరు లేకపోవడం చూసి తెలుసుకోవాల్సి వస్తే ఏ ఇరవై ఏళ్ల కుర్రాడికైనా టెన్షన్ పట్టుకుంటుంది, ఆ టెన్షన్‌లో నిద్ర పట్టదు, ఇచ్చిన విశ్రాంతి కాస్తా వృథా అవుతుంది. ముందురోజే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి: మూడు మ్యాచ్‌లు, ఫలానా రోజు తిరిగి ఆడుతున్నావు, అదే లైన్‌లో. తేదీ చెప్పడం ముఖ్యం. ఇంకో పొరపాటు, ఆడనివాణ్ణి ప్రాక్టీస్ తర్వాత అదనంగా పరిగెత్తించడం. ఆడనివాళ్లు ఫిట్‌నెస్ కోల్పోకూడదని అది మామూలుగా చేయిస్తారు. అలిసిపోయాడని కూర్చోబెట్టినవాడితో కూడా అదే చేయిస్తే ఇక కూర్చోబెట్టి ఏం లాభం? ఆ వారం అతనికి రెండు రోజులు స్కేట్లే కట్టకూడదు, తర్వాత చిన్న చిన్న దూకుళ్లు, మధ్యలో పూర్తి విరామం. షూటౌట్ సాధన కావాలంటే రోజూ పది ప్రయత్నాలు చేయనివ్వండి, దానివల్ల ఒళ్లు అలవదు, మనసుకీ బాగుంటుంది.

మూడు మ్యాచ్‌లు అంటే దాదాపు వారం. ఆ వారంలో ఒక షూటౌట్ వచ్చి జట్టు ఓడిపోవచ్చు కూడా. అభిమానులు గోల చేస్తారు. కోచ్ దానికి సిద్ధపడాలి.

తిరిగొచ్చిన రోజు మొదటి షిఫ్ట్‌లో నేను చూసేది ఒక్కటే: పక్ చేజారి ఆట వెనక్కి మళ్లగానే అతను బ్రేకు వేసి తిరుగుతున్నాడా, సున్నా చుడుతున్నాడా? బ్రేకు వేస్తే ఆ రాత్రి మొదటి లైన్‌లో పద్దెనిమిది నిమిషాలు ఆడిస్తాను. షూటౌట్ వస్తే మొదటి పేరు అతనిదే రాస్తాను. సున్నా చుడితే మాత్రం వైద్యుణ్ణి పిలిచి, తుంటి, గజ్జ కండరాలు చూడమంటాను. స్కేటింగ్‌లో ముందు దెబ్బతినేవి అవే, కుర్రాళ్లు ముందు దాచిపెట్టేవీ అవే.