ఎమ్మెల్యేనా, పట్టభద్రుల ఎమ్మెల్సీనా?

విజయవాడ, గుంటూరు నుంచి చట్టసభకు వెళ్లాలనుకునేవారికి రెండు దారులున్నాయి: అసెంబ్లీకి ఎమ్మెల్యేగా, లేదా డిగ్రీ ఉన్నవారు ఓటేసే స్థానం నుంచి శాసనమండలికి ఎమ్మెల్సీగా. ఎమ్మెల్యేకు 25 ఏళ్లు నిండితే చాలు, ఎమ్మెల్సీకి 30 నిండాలి. పదవీకాలం ఎమ్మెల్యేకు 5 ఏళ్లు, ఎమ్మెల్సీకి 6 ఏళ్లు. అసెంబ్లీ ముందే రద్దయితే ఎమ్మెల్యే పదవి పోతుంది, మండలి సభ్యుడికి ఆ బెడద లేదు. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. మండలి ఎన్నికలకు పరిమితే లేదు.

అసలు కష్టం కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానంలోనే. అక్కడ పాత జాబితా పనికిరాదు, ప్రతి ఎన్నికకూ ఓటర్లు ఫారం 18తో కొత్తగా నమోదు కావాలి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడవాలి. ప్రచారానికి చాలా ముందే ఈ పని మొదలుపెట్టని అభ్యర్థి సగం ఓడినట్టే. ఓటు బ్యాలెట్ పేపరు మీదే. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదా స్కెచ్ పెన్నుతో అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. చదువుకున్నవాళ్లే టిక్కు పెట్టి ఓటు పాడుచేసుకుంటారు! చెల్లిన ఓట్లలో ఎవరికీ మొదటి ప్రాధాన్యాలు సగానికి మించి రాకపోతే రెండో ప్రాధాన్యాలు లెక్కిస్తారు.

ఒక దారి మూసుకుంటే రెండోది పట్టవచ్చు. 2014లో తెనాలి ఎమ్మెల్యేగా గెలిచిన ఆలపాటి రాజేంద్రప్రసాద్, 2024 పొత్తులో ఆ సీటు జనసేనకు వెళ్లాక, 2025లో ఈ పట్టభద్రుల స్థానం నుంచే గెలిచారు. నియోజకవర్గంలో రోడ్లు, కాలువల పనులు చేయించాలనుకునేవారికి మాత్రం ఎమ్మెల్యే పదవే సరి.